ఉల్టా చూడీ

జూన్ 15, ఆదివారం

నిన్న జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవాలి. రేపు ఎవరైనా అడిగితే తడుముకోకూడదు. పైపుల కంపెనీవాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చిన ఈ డైరీలో ఇప్పటిదాకా పాలవాడి నాగాలు తప్ప ఏమీ రాయలేదు. ఇవాళ్టికి పనికొచ్చింది.

శామీర్‌పేట చెరువు దాటాక కరీంనగర్ రోడ్డు మీద ఉన్న రిసార్టు. అక్కడి బారు కౌంటర్లో ఆరు బీరు కుళాయిలు. నేను చూసుకునే అయిదు చోట్లలో అదొకటి. నెలకి రెండుసార్లు వెళ్తాను, గొట్టాలు కడిగిస్తాను, అరిగిన వాషర్లు మారుస్తాను, వస్తాను. నిన్న మధ్యాహ్నం రెండు దాటాక నాలుగో కుళాయి గోడలోంచి ఊడి వచ్చేసింది. కౌంటరంతా బీరు, నేలంతా బీరు. తుడుద్దామని పరిగెత్తుకొచ్చిన సాలమ్మ, అక్కడ ఊడ్చి తుడిచే ఆవిడ, అందులో కాలు జారి పడింది. కుడి మణికట్టు విరిగింది.

కుళాయి తిప్పింది మునావర్. బీరు నింపిన కెగ్‌లు మోసేది, మార్చేది, గొట్టాలు కడిగేది అతనే. ఆరేళ్లుగా అక్కడ ఉన్నాడు. నాకు ఫోన్ చేసి కుళాయి మెడ దగ్గర కారుతోందన్నాడు. జాగ్రత్తగా బిగించమన్నాను. అంతే. జాగ్రత్తగా అని కచ్చితంగా అన్నాను.

అప్పుడు నేను దేవరయాంజాల్లో కృష్ణారావు ఇంట్లో పీతల ఇగురుతో భోంచేసి నడుం వాల్చాను. మా ఊరివాడు, పిలవక పిలవక పిలిచాడు. నిద్రలో లేపి అడిగితే ఎవడు మాత్రం ఏం చెబుతాడు?

నా తప్పేం లేదు.

జూన్ 16, సోమవారం

పొద్దున్నే రాజారావుగారు రమ్మన్నారు. ఆయన రిసార్టు మేనేజరు, జగిత్యాల మనిషి. ఎంత పెద్ద గొడవైనా చాయ్ తెప్పించి గానీ మొదలుపెట్టడు.

ముందు నాలుగో కుళాయి చూశాను. గోడలోంచి వచ్చే గొట్టం బాగానే ఉంది. కుళాయి వెనక మర మాత్రం రెండు చుట్లు నలిగిపోయి ఉంది. మర చుట్లను ఇక్కడ చూడీ అంటారు. నలిగిన చోట తెల్ల టేపు పీలికలు వేలాడుతున్నాయి. వాటిని లాగేసి జేబులో వేసుకున్నాను. పనిచోట చెత్త వదలడం నాకు ఇష్టం ఉండదు.

రాజారావుగారి గదిలో మునావర్ నిలబడి ఉన్నాడు. నలభై అయిదేళ్ల మనిషి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎటు దిప్పినవ్?" అన్నాడు రాజారావుగారు.

"ఉల్టా దిప్పిన సార్. సారే ఉల్టా అన్నడు." నా వైపు చూశాడు.

ఇక్కడ కొంచెం వివరంగా రాసుకోవాలి. అక్కడి పాత కుళాయిలన్నిటికీ తిప్పేది వెనకున్న నట్టుని, కాబట్టి ముందు నిలబడి ఎడమకి తిప్పితే బిగుస్తాయి, కుడికి తిప్పితే వదులవుతాయి. ఇంట్లో నీళ్ల కుళాయికి పూర్తిగా ఎదురు. అందుకే మునావర్ వాటికి ఉల్టా చూడీ అని పేరు పెట్టాడు. నాలుగోది మాత్రం మార్చిలో నేను మార్చిన కొత్తరకం. దానికి నట్టు లేదు, కుళాయినే తిప్పాలి, కాబట్టి మామూలు చూడీ. దాన్ని ఎడమకి తిప్పితే ఊడుతుంది.

"అన్నరా?" అని రాజారావుగారు నన్ను అడిగాడు.

"ఉల్టా అన్నాను. నువ్వు తిప్పేవైపు కాకుండా రెండో వైపు తిప్పు అని దానర్థం. మా వైపు అలాగే అంటాం," అన్నాను.

"మా దిక్కు ఉల్టా హాత్ అంటే ఎడమ చెయ్యే సార్. గది మీకు తెల్సు గద," అన్నాడు మునావర్.

రాజారావుగారు చాయ్ కప్పు కింద పెట్టి నవ్వాడు. "బాగుంది. ఆంధ్రా ఉల్టాకు, తెలంగాణ ఉల్టాకు నడుమ సాలమ్మ చెయ్యి ఇరిగింది." మళ్లీ మునావర్ వైపు తిరిగాడు. "గది కాదుర భయ్. నీ మీదికెల్లి గుప్పున వాసన గొట్టిందట. గేటు కాడ వాచ్‌మన్ జెప్పిండు. నిజం జెప్పు, ఏసినవా?"

"బీరు నా మీద పడ్డది సార్. నేను బీరు మీద పడలే."

అతను తాగడు. ఆరేళ్లలో ఒక్క చుక్క నాలుకకి తగలనివ్వలేదు. ఎప్పుడైనా రుచి చూసి పులిసిందో లేదో చెప్పమంటే గ్లాసు నా చేతికే ఇచ్చేవాడు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ మాట నేను అనబోయేంతలో రాజారావుగారు అతన్ని బయటికి పంపేశాడు.

తర్వాత ఒక కాయితం నా ముందుకు తోశాడు. కుళాయిలో లోపం లేదు, మునావర్ మద్యం మత్తులో తప్పుగా తిప్పడం వల్ల ప్రమాదం జరిగింది, నేను స్వయంగా చూసి రూఢి చేసుకున్నాను అని ఉంది.

"ఫణి సార్, ఒక్క సంతకం గొట్టుండ్రి. కుళాయిల లోపం ఉన్నదంటే ఆరిటికి ఆరు బంద్ బెట్టుమంటరు. ఎల్లుండి పెద్ద పార్టీ ఉన్నది. మనిషి తప్పంటే మనిషితోనే అయిపోతది."

"తాగాడని నేను చూడలేదు కదండీ."

"వాసన సాలదా?"

సంతకం పెట్టాను. పెట్టకపోతే ఏం జరిగేదో నాకు తెలియదు. పెట్టాను కాబట్టి ఏం జరిగిందో తెలుసు. మునావర్‌ని పనిలోంచి తీసేశారు.

జూన్ 17, మంగళవారం

మేడ్చల్లో రెండు చోట్ల పని. ఎక్కడా ఏమీ కారడం లేదు.

జూన్ 18, బుధవారం

మా వైపు ఉల్టా అనే మాటే ఎవరూ వాడరు. తిరగేసి అంటాం, ఎడంచేతి వైపు అంటాం. ఆ మాట నాకు నేర్పిందే మునావర్. మొదటిసారి నేను ఆ రిసార్టుకి వెళ్లినప్పుడు రెంచీ పెట్టి కుడికి తిప్పుతుంటే, "నక్కో సార్, ఉల్టా చూడీ," అని నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఈ సంగతి ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు.

శనివారం కృష్ణారావు ఇంట్లో ఒక్క గ్లాసు పుచ్చుకున్నాను. పీతల ఇగురు చేసి పెట్టినవాడు చేతికిస్తే కాదంటే బాగుండదు. ఒక్క గ్లాసుకి మాట తడబడదు. నా పనే బీరుతో కదా. రుచి చూడటం తాగడం కాదు. ఉగాదినాడు మావాడు సుజిత్ నెత్తి మీద చెయ్యి పెట్టి మా ఆవిడ ధరణికి ఒట్టేసింది తాగనని. రుచి చూడనని కాదు.

ధరణి అడిగింది, "మళ్లీ డైరీ రాస్తున్నారేంటండీ, పాలవాడు మానేశాడా?" అని. పని లెక్కలు అన్నాను.

జూన్ 19, గురువారం

గౌడవెల్లి వెళ్లాను, సాలమ్మను చూడటానికి. డజను బత్తాయిలు తీసుకెళ్లాను. రేకుల ఇల్లు. గడప ముందు పీట మీద కూర్చుని ఎడమచేత్తో బియ్యంలో రాళ్లు ఏరుకుంటోంది. సిమెంటు కట్టు మోచేతి దాకా ఉంది.

"అయ్యో, మీరెందుకొచ్చిన్రు సార్ గింత దూరం? కూసోండ్రి. ఓ పిల్లా, కుర్సీ తే!"

"నొప్పి ఎలా ఉంది?"

"నొప్పికేంది, అదే బోతది. గీ ఎడమ చెయ్యితోని ఒక్క పనీ సక్కగ అయితలేదు. జడ గూడ ఏసుకోరాదు." బత్తాయిలు చూసి నవ్వింది. "ఇయ్యి వొల్చుడెట్ల సార్ నేను?"

అక్కడే కూర్చుని రెండు ఒలిచి పెట్టాను. తొనలు తింటూ అడిగింది.

"మునావర్‌ను తీసేసిన్రంట గద. తాగిండని రాసిన్రంట. ఎవడు రాసిండు సార్ గా మాట?"

నేను మూడో బత్తాయి తీశాను.

"తాగినోడు ఎట్లుంటడో నాకు తెల్వదా? నా మొగడు ముప్పయ్యేండ్లు తాగిండు, తాగి తాగి సచ్చిండు. తాగినోని మాట ఎట్లుంటదో, నడక ఎట్లుంటదో, కండ్లు ఎట్లుంటయో నన్నడుగుండ్రి. నేను కింద పడంగనే గా మునావరే ఉరికొచ్చి నా చెయ్యి కింద తన చెయ్యి బెట్టి అందరిని ఎనకకు జరుపిండు. తాగినోడు గట్ల జేస్తడా? నేను రాజారావు సార్‌కు జెప్పిన. ముసల్దానికి దెబ్బ తల్గి మతి దప్పింది అన్నడు."

"మీరు చెప్పింది నిజమే కావచ్చు," అన్నాను.

"కావచ్చేంది సార్? నిజమే." నా మొహంలోకి చూసింది. "మీరేంది గిట్లయిన్రు? నిద్ర పోతలేరా? జర పాణం సూసుకోండ్రి."

ఆవిడ నా ఆరోగ్యం అడిగింది. చెయ్యి విరిగినావిడ నన్ను అడిగింది.

జూన్ 20, శుక్రవారం

సుజిత్‌కి జ్వరం. నూటరెండు. ఒట్లూ గిట్లూ నేను నమ్మను. ఇవాళ వాడి నుదుటి మీద చెయ్యి వెయ్యడానికి మాత్రం భయమేసింది. ధరణిని చూడమన్నాను.

జూన్ 21, శనివారం

రాయక తప్పేలా లేదు. ఎవరూ చూడని పుస్తకంలో కూడా అబద్ధం రాసే మనిషిని నేనేనా?

మార్చిలో నాలుగో కుళాయి పాడైంది. అసలు సామాను రావడానికి పది రోజులు పడుతుందన్నారు. నా సంచిలో ఇంకోరకం కుళాయి ఉంది. అది ఆ గొట్టానిది కాదు. చూడీ ఇంచుమించు కలుస్తుంది, పూర్తిగా కలవదు. రెండు చుట్లు ఎక్కి మూడో చుట్టుకి మొరాయించింది. వెనక్కి తీసి, తెల్ల టేపు ఒక ఇరవై చుట్లు చుట్టి, రెంచీతో బలవంతంగా ఎక్కించాను. ఎక్కింది. చేత్తో ఊపితే ఊగింది. ఊగే కుళాయిని వదిలి రాకూడదని ఈ పని నేర్చుకునే కుర్రాడికి కూడా తెలుసు. ముందు నురగ ఎక్కువొస్తుంది, తర్వాత మెడ దగ్గర చెమ్మ కనిపిస్తుంది, తర్వాత బొట్లు పడతాయి. అదీ వరస. నేను మునావర్‌తో, "దీన్ని నువ్వు ముట్టుకోకు, నేను మళ్లీ వచ్చి మారుస్తాను," అని వచ్చేశాను. అసలు సామాను ఏప్రిల్ మొదట్లో వచ్చింది. నా స్కూటర్ డిక్కీలోనే ఉంది. ఇప్పటికీ ఉంది. వెళ్లినప్పుడల్లా వచ్చేసారి మారుద్దాంలే అనుకున్నాను.

ఇక ఫోన్.

"సార్, నాలుగోది మెడ కాడ బొట్టు బొట్టు కారుతాంది. మీరు ముట్టొద్దన్నరు, గందుకే అడుగుతున్న. బిగియ్యాల్నా?"

"బిగించు."

"ఎటు దిప్పాలె సార్? గిది కొత్తది గద."

అతను అడిగాడు. కొత్తది గదా అని నాకు గుర్తు కూడా చేశాడు.

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? ఉల్టా. అన్నీ ఉల్టాయే."

"ఉల్టానే గద సార్?"

"ఉల్టా, ఉల్టా, ఉల్టా!"

కృష్ణారావు పక్కనుంచి పాటలా అందుకున్నాడు. ఇద్దరం పడీపడీ నవ్వాం. మునావర్ అటునుంచి గ్యాస్ గురించి ఏదో అడుగుతున్నాడు. బీరుని పైకి తోసే గ్యాస్ ముందు కట్టెయ్యాలి, తర్వాతే చెయ్యి పెట్టాలి. అదే అడిగి ఉంటాడు. నేను ఫోన్ పెట్టేశాను.

జాగ్రత్తగా అనే మాట నేను అనలేదు.

మధ్యాహ్నం శామీర్‌పేట దాకా వెళ్లాను. బస్టాండు వెనక గల్లీలో మునావర్ ఇల్లు అని తెలుసు. బస్టాండు దగ్గర చాయ్ తాగి తిరిగి వచ్చేశాను. పెద్ద మగాణ్ని!

జూన్ 22, ఆదివారం

సుజిత్‌కి జ్వరం తగ్గింది. వైరల్ అన్నాడు డాక్టరు. మందుకే తగ్గింది. నాకు తెలుసు, మందుకే తగ్గింది.

జూన్ 24, మంగళవారం

వెళ్లాను. ఈసారి చాయ్ దగ్గర ఆగలేదు.

మునావర్ వాకిట్లో కొట్టంలాంటి చోట నులకమంచం మీద కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేనేం మాట్లాడాలో దారంతా కూర్చుకున్నది అక్కడ ఒక్క ముక్కా గుర్తు రాలేదు. సాలమ్మను చూసొచ్చానని చెప్పాను. ఆవిడ ఎలా ఉందని అడిగాడు. రెండుసార్లు పోదామనుకుని, ఆమె కొడుకులు ఏమంటారోనని ఆగిపోయాడట.

ఒకామె లోపలినుంచి పళ్లెంలో అన్నం తెచ్చి మంచం చివర పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయింది. అతని భార్య, సఫూరా. అతని వైపు చూడలేదు.

"బయట తింటున్నావేం?" అన్నాను.

"ఇంట్లకు రావొద్దన్నది సార్." పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. "గా కొలువుల చేరినప్పుడే ఒక మాట దీసుకున్నది నాతోని. పీపాలు మొయ్యి, గొట్టాలు కడుగు, గని ఒక్క బొట్టు నోట్లె పడొద్దు, గా బట్టలతోని ఇంట్లకు రావొద్దు అన్నది. ఆరేండ్లు అక్కడ్నే తానం జేసి, బట్టలు మార్చుకోని వచ్చిన. గా దినం తానం జెయ్యనియ్యలే సార్. గట్లనే ఎల్లగొట్టిన్రు. అంగీ, లాగు, నెత్తి అంతా బీరే. బస్సుల ఎవ్వరు నా పక్కకు కూసోలే. గల్లీలకెల్లి నడుసుకుంట వస్తుంటే అందరు సూసిన్రు."

"నువ్వు తాగలేదని చెప్పలేదా?"

"జెప్పిన. నమ్మలే. మా బామ్మర్ది రిసార్టుకు బోయి అడిగిండు. గా కాయితం సూపిచ్చిన్రు. ఇంజనీరు సార్ సొంతం సూసి రాసిండని జెప్పిన్రు." అన్నం కలపడం ఆపాడు. "మస్జిదుల గూడ నా పక్కకెల్లి జరుగుతున్నరు. మెహ్జబీన్‌ను బళ్లె ఎవరో పిల్లగాండ్లు అడిగిన్రంట, మీ అబ్బా ఏ బ్రాండ్ తాగుతడే అని. పన్నెండేండ్ల పిల్ల సార్. కొలువు పోతె ఇంకోటి దొరుకుతది. ఇజ్జత్ పోయింది, ఏడ దొరుకుతది?"

నేను ఇంజనీరుని కాను. ఐటీఐ చదివాను. అదైనా ఆ పూట చెప్పలేకపోయాను.

"మునావర్, ఆ రోజు ఫోన్లో నా మాట నీకు ఎలా అనిపించింది?"

పళ్లెం పక్కకి జరిపాడు.

"జర తేడగ అనిపిచ్చింది సార్. నవ్వుడు గూడ ఇనపడ్డది."

"మరి ఆ రోజు రాజారావు అడిగినప్పుడు ఆ మాట ఎందుకు చెప్పలేదు? ఆయనే తాగి ఉన్నాడు అని ఎందుకు అనలేదు?"

"నేను సూడలే గద సార్," అన్నాడు. "ఇన్న. ఇన్నది ఎన్నో తీర్లుంటది. నిద్రల ఉన్నరేమో, జరం వచ్చిందేమో. సూడనిది సూసినట్టు ఎట్ల జెప్త? రేపు అల్లా కాడ నేను జవాబ్ ఇయ్యాలె."

నేను లేచాను. స్కూటర్ దగ్గరికి ఎలా వచ్చానో తెలియదు. నేను చూడనిది చూశానని రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం వల్ల పోయిన మనిషి, తన పరువు పోతున్నా, చూడంది చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోవడం అని ఊరికే అంటూ ఉంటాం. ఇవాళ నిజంగానే చచ్చిపోతే బాగుండనిపించింది.

జూన్ 25, బుధవారం

ఆ శనివారం కృష్ణారావు ఇంట్లో మూడు గ్లాసులు. ఒకటి కాదు. మూడు.

జూన్ 26, గురువారం

నిన్న సాయంత్రం కూర్చుని ఒక కాయితం రాశాను. నాలుగుసార్లు చింపేశాను. మొదటిదాంట్లో 'పొరపాటున' అని రాశాను, రెండోదాంట్లో 'అలసట వల్ల'. చివరికి ఇవేవీ లేకుండా రాశాను. పెద్దదేం కాదు, ఏడు వాక్యాలు.

పదకొండుకి రాజారావుగారి ముందు పెట్టాను. చదివి, చాయ్‌కి కబురు చెయ్యడం మర్చిపోయాడు.

"మీకేమన్న పిచ్చి లేసిందా ఫణి సార్? గీ కథ అయిపోయింది. అందరు మరిచిపోయిన్రు."

"మునావర్ వాళ్లింట్లో మర్చిపోలేదండీ."

"మీరు తాగంగ ఎవ్వరు సూసిన్రు?"

"నేను చూశాను."

ఆయనకి కోపమొచ్చింది. నేను పోతే కుళాయిలు చూసేవాడు ఉండడన్నాడు, ఈ కాయితం బయటికి పోతే ఇంకే బారువాడూ నన్ను గడప తొక్కనివ్వడన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. ఇంట్లో పెళ్లాం పిల్లలు ఉన్నారు, జర ఆలోచించుకోండ్రి అని కూడా అన్నాడు. అప్పుడు మాత్రం జంకాను. ఆయన భయపెట్టిన దానికి కాదు. పెళ్లాం అనే మాటకి.

"పాత కాయితం చింపేసి, దాని బదులు ఇది పెట్టండి. దీని నకలు మీద అందిందని సంతకం చెయ్యండి. ఇదొక్కటే అడుగుతున్నాను."

చేశాడు. విసురుగా చేశాడు, కలం కాయితంలో దిగబడింది. "రేపటి సంది మీరు గూడ రాకుండ్రి," అన్నాడు.

వచ్చేముందు కౌంటర్లోకి వెళ్లాను. నాలుగో రంధ్రానికి గుడ్డ కుక్కి ఉంది. గ్యాస్ కట్టేశాను. డిక్కీలోంచి అసలు కుళాయి తెచ్చి, వాషర్ పెట్టి, పళ్లు గొట్టం పళ్లలో కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూసి, నట్టు చేత్తో ఎక్కించి, ఎడమకి బిగించాను. బిగించడానికి పదకొండు నిమిషాలు పట్టింది. మూడు నెలలు వాయిదా వేసిన పని.

జూన్ 28, శనివారం

నిన్న రాయడానికి వీలు కాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నిన్న శుక్రవారం. నమాజు అయ్యాక ఇంట్లో ఉంటారని మధ్యాహ్నం మునావర్ ఇంటికి వెళ్లాను. అతను వాకిట్లోనే ఉన్నాడు. నేను అతని కోసం రాలేదని, సఫూరాగారితో మాట్లాడాలని చెప్పాను. ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుని గుమ్మంలోకి వచ్చింది. వెనకాల మెహ్జబీన్ నిలబడింది.

నకలు ఆమె చేతికి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి నాకే ఇచ్చేసింది.

"నాకు తెలుగు సదువుడు రాదు. మీరే సదువుండ్రి."

చదివాను. "జూన్ పద్నాలుగున జరిగిన ప్రమాదానికి కారణం నేను. నాలుగో కుళాయి ఆ గొట్టానికి సరిపడదని తెలిసీ బిగించింది నేను. మునావర్ ముట్టుకునే ముందు నన్ను అడిగాడు. నేను తప్పు చెప్పాను. ఆ సమయంలో మద్యం తాగి ఉన్నది నేను, మునావర్ కాదు. అతను తాగి ఉన్నాడని నేను చూడకుండానే సంతకం పెట్టాను. అది అబద్ధం."

"గట్టిగ సదువుండ్రి," అంది. "గోడ అవతల మా ఆడిబిడ్డ ఉన్నది. ఇనాలె."

గట్టిగా చదివాను. గోడ మీదినుంచి ఒక తల లేచింది. పక్కింటి గుమ్మంలో ఇంకో ఇద్దరు నిలబడ్డారు. ఎవరో పిల్లను పంపి సఫూరా తమ్ముణ్ని పిలిపించింది. అతను వచ్చాక మూడోసారి చదివాను. మెడ మీద చెమట కారుతోంది. అయిపోయింది కదా అని కాయితం మడవబోయాను.

"ఎన్ని దినాలైంది గా దినానికి?" అని అడిగింది.

"పదమూడు."

"పదమూడు దినాలు ఈయనను ఇంట్లకు రానియ్యలే నేను. పదమూడు దినాలు కుక్కకు బెట్టినట్టు బయట బెట్టిన అన్నం. అల్లా మీద కసం తిని జెప్పిండు, నమ్మలే. మీ సంతకం నమ్మిన." కాయితం వైపు వేలు చూపించింది. "దినానికొక్కపారి సదువుండ్రి. పదమూడు సార్లు."

"సఫూరా, బస్," అన్నాడు మునావర్. "పెద్దమనిషి."

"మీరు ఊకోండ్రి," అంది అతనితో. పదమూడు రోజుల తర్వాత అతనితో మాట్లాడిన మొదటి మాట అదేననుకుంటాను.

చదివాను. నాలుగోసారి, అయిదోసారి. మస్జిద్ నుంచి వస్తున్నవాళ్లు ఆగి వింటున్నారు. కొందరు కొత్తగా వచ్చినవాళ్లకి పాతవాళ్లు ఉర్దూలో చెబుతున్నారు. 'తాగి ఉన్నది నేను' అన్నచోట ప్రతిసారీ గొంతు తగ్గేది. తగ్గినప్పుడల్లా ఆమె "మళ్ల," అనేది. ఆ వాక్యం మళ్లీ మొదటినుంచి చదివేవాణ్ని. మెహ్జబీన్ గుమ్మం పట్టుకుని వేళ్ల మీద లెక్క పెడుతోంది. ఎనిమిదోసారికి గొంతు గీరుకుపోయింది. పదోసారికి మునావర్ లేచి లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఇంట్లోకి వెళ్లాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. అతను కూడా గమనించినట్టు లేదు.

పదమూడోది ముగిసేసరికి నా నోట్లోంచి గాలి తప్ప మాట రావడం లేదు. మెహ్జబీన్ "తేరా," అంది. సఫూరా కొంగుతో మొహం తుడుచుకుని, గల్లీలో నిలబడ్డవాళ్లందరినీ ఒకసారి చూసింది. తర్వాత మంచం మీది పళ్లెం తీసుకుని లోపలికి నడిచింది. "రాండ్రి, తిందురు," అంది భర్తతో.

ఇంటికొచ్చేసరికి నాలుగున్నర. సుజిత్ హోంవర్క్ చేసుకుంటున్నాడు. ధరణి వంటింట్లోంచి ఏదో అడిగింది. జవాబు చెప్పబోతే కీచుమని గాలి వచ్చింది. చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"గొంతుకేమైందండీ?"

కుర్చీ లాగి కూర్చోమన్నాను. కాయితం తీసి, వినపడినంత వరకూ, పద్నాలుగోసారి చదివాను.